ఇంటి హింస నుంచి బయటపడాలంటే: తిరుపతి, చిత్తూరుల్లో ఏ గడప తొక్కాలి, ఏ కాగితం అడిగి తీసుకోవాలి

ఈ నిమిషంలో ఇంట్లో ప్రమాదం ఉంటే ఇది చదువుతూ కూర్చోవద్దు. 112కు ఫోన్ చేయండి. ఎక్కడున్నారో ముందు చెప్పండి, ఏం జరిగిందో తర్వాత చెప్పొచ్చు. ఊరు, వీధి, దగ్గరలో గుడో బడో వాటర్ ట్యాంకో ఒక గుర్తు చెప్పండి. మధ్యలో ఎవరైనా ఫోన్ లాక్కున్నా పోలీసు బండి ఆ గుర్తు పట్టుకుని వస్తుంది. మీరు చేయలేని స్థితిలో ఉంటే పక్కింటివాళ్లు చేసినా చాలు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని చట్టంలోనే రాసి ఉంది, కాబట్టి వాళ్లకూ భయం అక్కర్లేదు.

ప్రాణభయం అంత దగ్గరలో లేదు, కానీ ఎటు వెళ్లాలో తెలియడం లేదంటే 181 మహిళా హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు. 2025 మార్చిలో రాష్ట్ర పోలీసులు తెచ్చిన శక్తి యాప్ కూడా ఉంది. యాప్ మంచిదే, కానీ భర్త రోజూ ఫోన్ తీసి చూసే ఇంట్లో ఆ బొమ్మ కనబడటమే ఇంకో గొడవకు మొదలవుతుంది. అలాంటి చోట యాప్ జోలికి పోకుండా 112, 181 బట్టీ పట్టండి. చేసిన కాల్‌ను జాబితాలోంచి తీసేయండి.

చట్టం గట్టిదే. కేసు నీరుగారిపోయేది కాగితం దగ్గర. ఆసుపత్రికి వెళ్లి చీటీ పారేసుకోవడం, స్టేషన్‌కు వెళ్లి నోటిమాటగా చెప్పి వచ్చేయడం, పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకం పెట్టడం, ఈ మూడూ ఏడాది తర్వాత కోర్టులో ఎదురు తిరుగుతాయి. ఏ ఆఫీసు గడప తొక్కినా తేదీ, ముద్ర ఉన్న ఒక కాగితం చేత్తో పట్టుకుని బయటికి రావాలి. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఎవరికి వర్తిస్తుంది

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. భార్యకు మాత్రమే అనుకోవద్దు. తల్లి, అక్కాచెల్లెళ్లు, కూతురు, వదిన, వితంతు కోడలు, పెళ్లి లాంటి బంధంలో కలిసి ఉన్న స్త్రీ, ఎవరైనా ఈ చట్టం కింద కేసు వేయొచ్చు. మతంతో పని లేదు. ఒకప్పుడు వయసొచ్చిన మగవాళ్ల మీదే వేయాలని ఉండేది. 2016లో సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది, కాబట్టి అత్త మీద, ఆడపడుచు మీద కూడా వేయొచ్చు. అలాగని ఇంటిల్లిపాదినీ ఇరికించొద్దు. ఎప్పుడో పండక్కి వచ్చిపోయే మరిది పేరు కూడా రాస్తే, అసలు మనిషి మీద ఉన్న కేసు పలచబడుతుంది, నోటీసులు అందరికీ అందేసరికి నెలలు పోతాయి.

కొట్టడం ఒక్కటే హింస కాదు. ఇష్టం లేని లైంగిక బలవంతం, తిట్టి అవమానించడం, కట్నం కోసం వేధించడం, ఖర్చులకు డబ్బివ్వకపోవడం, జీతం లాక్కోవడం, పుట్టింటి బంగారం తాకట్టు పెట్టేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. డ్వాక్రా సంఘంలో మీ పేరు మీద తీసిన అప్పును ఆయన వాడేసుకుని కంతులు మీ నెత్తిన వేస్తే అది ఆర్థిక హింస. ఇది చాలామంది ఫిర్యాదులో రాయడం మరిచిపోతారు. సంఘం పుస్తకం నకలు తీసి జత చేయండి.

మన జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ. మేనమామనో మేనబావనో చేసుకున్నచోట అత్త అంటే నాన్నకు అక్కో, అమ్మమ్మో అవుతుంది. పుట్టింటికి పోతే అక్కడా వాళ్లే. అలాంటి ఇంట్లో "కొన్నాళ్లు అమ్మ దగ్గరుండు" అనే సలహా పనిచేయదు. నేరుగా ప్రభుత్వ వసతి గురించి అడగండి, మొహమాటం వద్దు.

ఇల్లు విడవక తప్పదా

తప్పదని లేదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇస్తుంది. మామగారి పేరున ఉన్న ఇల్లయినా సరేనని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 19వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు భర్తను ఆ ఇంట్లోంచి బయటికి పొమ్మనొచ్చు, ఒక గది మీకు వదలమనొచ్చు, లేదా వేరే ఇంటికి అద్దె కట్టమనొచ్చు. ఆడవాళ్లను మాత్రం ఇంట్లోంచి పంపించే ఉత్తర్వు ఇవ్వరు. కాబట్టి కొట్టేది అత్తే అయితే వేరే ఇల్లు, అద్దె అడగడం మేలు.

కాగితం మీద ఈ హక్కు బలంగా ఉన్నా, కొన్ని చోట్ల ఆ ఇంట్లో ఉండటం ప్రమాదం. గొంతు నులిమాడంటే, కత్తో కిరసనాయిలో చూపించాడంటే, మీరు గర్భంతో ఉండగా కొట్టాడంటే, చచ్చిపోతానని చంపేస్తానని పదేపదే అంటున్నాడంటే ముందు బయటపడండి. ఉండే హక్కు ఎక్కడికీ పోదు. బయటి నుంచే అడగొచ్చు.

బయల్దేరే ముందు

వారం, పది రోజులు వ్యవధి ఉంటే కాగితాలు ఒక్కొక్కటిగా బయటికి చేర్చండి. ఒకేసారి బీరువా ఖాళీ చేస్తే తెలిసిపోతుంది. మీదీ పిల్లలదీ ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ చదువు సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే అది. లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫొటోలు, కల్యాణ మండపం రసీదు కూడా పనికొస్తాయి. బంగారం కొన్న బిల్లులు, తాకట్టు రసీదులు, పుట్టింటివాళ్లు డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. భర్త సంపాదన చూపించేవి మరిచిపోవద్దు. జీతం చీటీ, ఆటో ఆర్సీ, పొలం ఉంటే వన్‌బీ (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ పత్రం), దుకాణం బోర్డు ఫొటో, అద్దెలు వచ్చే ఇళ్ల వివరాలు. రేపు ఆయన కోర్టులో "నేను కూలివాణ్ణి, నా దగ్గరేం లేదు" అంటాడు. ఆ మాటకు జవాబు ఈ కాగితాల్లోనే ఉంటుంది. అసలు ప్రతులు తేలేకపోతే ఫొటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయండి.

ఫోన్ సంగతి జాగ్రత్త. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికైనా ఆన్‌లో ఉందేమో చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి మీకు తెలియని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ చేయండి. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ ఆయనకు తెలుసా అని ఆలోచించండి. ఇవన్నీ బయల్దేరే రోజే మార్చండి. వారం ముందే మారిస్తే ఆయనకు అనుమానం వస్తుంది. బెదిరింపు మెసేజ్‌లు, వాయిస్ నోట్లు ఉన్న ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది, అసలు ఫోన్ ఉంటే ఆ పని సులువు. దంపతుల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటలను కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఉన్న రికార్డింగులు చెరిపేయకండి.

చేతిలో డబ్బులు లేకపోయినా కదలొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రం లోపల ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కుప్పం నుంచి చిత్తూరు దాకా ఇలా రావొచ్చు. వేలూరు, బెంగళూరు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుల్లో మాత్రం చెల్లదు.

ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట

దెబ్బ తగిలితే ప్రభుత్వాసుపత్రికే వెళ్లండి. తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, దూరమైతే దగ్గరి ఏరియా ఆసుపత్రి. ప్రైవేటులో చూపించుకున్నా తప్పు కాదు, కానీ మెడికో లీగల్ కేసు (కొట్టడం వల్ల తగిలిన దెబ్బ అని ఆసుపత్రి రికార్డులో రాయడం) నమోదు, పోలీసులకు సమాచారం, గాయాల సర్టిఫికెట్ సర్కారీ ఆసుపత్రిలో వరసగా జరిగిపోతాయి.

అక్కడ డాక్టరు "ఎలా తగిలింది" అని అడిగి, మీరు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తారు. వెంట వచ్చిన అత్తో మరిదో పక్కన నిలబడి ఉంటే "బాత్‌రూంలో జారిపడ్డాను", "స్టవ్ అంటుకుంది" అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ ఒక్క వాక్యం కేసు మొత్తాన్ని తినేస్తుంది. అవతలి లాయరు రెండేళ్ల తర్వాత అదే కాగితం తీసి చదువుతాడు. "డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి" అని నర్సుతో చెప్పండి. ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో చెప్పండి. ముందు అబద్ధం చెప్పి ఉంటే, భయంతో అలా చెప్పానని రెండోసారి రాయించుకోవచ్చు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

గొంతు నులిమిన దెబ్బ పైకి కనబడకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్లలో ఎర్ర చుక్కలు, తల తిరగడం ఉంటే మచ్చ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి తీరాలి. లోపలి వాపు కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆపేయగలదు.

కమిలిన దెబ్బ మొదటి రోజు కంటే రెండు మూడు రోజులకు బాగా కనబడుతుంది. కాబట్టి ఫొటో రెండుసార్లు తీయండి. ఒకటి మొహం కూడా కనబడేలా, ఇంకోటి దెబ్బ దగ్గరగా. ఓపీ చీటీ, ఎక్స్‌రే, మందుల బిల్లు అన్నీ దాచండి. ముందుగా ఫిర్యాదు చేయలేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదు. 2006 నాటి నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. పైగా గృహహింస నివేదిక (జరిగిన హింసను రాసే ఫారం) అప్పటికి తయారై ఉండకపోతే, ఆసుపత్రివాళ్లే దాన్ని నింపి రక్షణాధికారికి, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే ప్రభుత్వ అధికారికి, పంపాలి.

తలదాచుకునే చోటు

రెండు రకాల వసతి ఉంది, రెండిటినీ కలిపేసుకుని చాలామంది నిరాశపడతారు.

మొదటిది సఖి వన్‌స్టాప్ సెంటర్. 2015 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం. ఇక్కడ వసతి తాత్కాలికం, మామూలుగా ఐదు రోజుల దాకా. వైద్యం, పోలీసు ఫిర్యాదు, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకేచోట మొదలుపెట్టడానికి ఉన్న చోటు ఇది. రాత్రి ఏ వేళైనా తీసుకుంటారు. 181కు చేస్తే మీకు దగ్గరి సెంటర్ ఎక్కడుందో చెప్పి కలుపుతారు. వెళ్లిన రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఐదు రోజుల తర్వాత నన్ను ఎక్కడికి పంపిస్తారు?" ఇది నాలుగో రోజు అడిగితే హడావుడిలో మళ్లీ అదే ఇంటికి పంపే ఏర్పాట్లు జరుగుతాయి.

రెండోది శక్తి సదన్. పాత స్వధార్ గృహాలు, ఉజ్వల గృహాలు 2022లో ఈ పేరు కిందికి వచ్చాయి. నెలల తరబడి ఉండొచ్చు. తిండి, బట్ట, వైద్యం, పని నేర్పడం ఉంటాయి. ఉద్యోగం ఉన్నవాళ్లకు సఖి నివాస్ హాస్టళ్లు నయం. శక్తి సదన్‌లో బయటికి వెళ్లే వేళలు, ఫోన్ వాడకం మీద ఆంక్షలు ఉంటాయి, పనికి పోయివచ్చేవాళ్లకు అది కుదరదు.

చేర్చుకోమని మీరే రాసివ్వొచ్చు, రక్షణాధికారి చేత అడిగించొచ్చు. ఫిర్యాదు ఇంకా చేయలేదన్న సాకుతో ఆశ్రయం కాదనకూడదు. మీరు కోరితే, మీరక్కడున్నట్టు అవతలివాళ్లకు చెప్పకూడదు. చేరేటప్పుడే "నా సమాచారం ఎవరికీ ఇవ్వొద్దు" అని రాసివ్వండి. నోటితో చెబితే డ్యూటీ మారినప్పుడు కొత్తవాళ్లకు తెలియదు.

మగపిల్లల వయసు దగ్గర చిక్కు వస్తుంది. ఆడపిల్లలు తల్లితో ఉండొచ్చు. మగపిల్లాడికి పన్నెండు దాటితే మహిళల వసతిలో ఉంచరు. ఆ వయసు కొడుకు వెంట ఉంటే ముందే చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ద్వారా బాలల సంక్షేమ సమితి వేరే ఏర్పాటు చేస్తుంది. లేదా నమ్మకమైన బంధువు దగ్గర ఉంచి, ఎవరి దగ్గర ఎందుకు ఉంచారో అర్జీలో రాయండి. రాయకపోతే "పిల్లాణ్ణి వదిలేసి పోయింది" అనే మాట పుడుతుంది.

తిరుపతికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఏ దారీ తోచక, స్వామి దగ్గర సత్రంలో నాలుగు రోజులుంటే సరిపోతుందని పిల్లల్ని తీసుకుని రైలు దిగేవాళ్లుంటారు. కొండ మీద అన్నప్రసాదం దొరుకుతుంది, నిజమే. కానీ సత్రాలు, గదులు యాత్రికుల కోసం. ఒంటరి మనిషికి గది దొరకడమూ కష్టం, దొరికినా ఒకటి రెండు రోజులే. స్టేషన్ చుట్టూ సాయం చేస్తామని పలకరించేవాళ్లందరూ సాయం చేసేవాళ్లు కారు. రైలు దిగిన వెంటనే ప్లాట్‌ఫాం మీదున్న రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లి విషయం చెప్పండి, లేదా అక్కడి నుంచే 181కు చేయండి. మీది ఏ జిల్లా, ఏ రాష్ట్రం అన్నది అడ్డం కాదు.

రక్షణాధికారి, ఆ తర్వాత కోర్టు

రక్షణాధికారిని కలవడానికి జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. జనం నోట ఐసీడీఎస్ పీడీ ఆఫీసు. అక్కడి గృహహింస విభాగంలో న్యాయ సలహాదారు, కౌన్సెలర్ ఉంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక దీని ఆఫీసూ వేరయింది. పాత అలవాటు కొద్దీ శ్రీకాళహస్తి వాళ్లు చిత్తూరు దాకా పోనక్కర్లేదు. అక్కడ మీరు చెప్పింది విని ఫారం–1లో గృహహింస నివేదిక రాస్తారు. అందరూ డీఐఆర్ అంటారు. సంతకం పెట్టేముందు చదివి వినిపించమనండి. నకలు ఉచితంగా ఇవ్వాలి. అది లేకుండా కదలొద్దు.

డీఐఆర్ లేకపోయినా 12వ సెక్షన్ కింద నేరుగా మెజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయొచ్చు. 2022 మేలో సుప్రీంకోర్టు ఇది తేల్చి చెప్పింది. ఉంటే మాత్రం బలం. కోర్టులో ఈ కేసుకు డీవీసీ (గృహహింస కేసు) నంబరు పడుతుంది. ఆ నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఈ–కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే చూసుకోవచ్చు.

ఏ కోర్టులో? పలమనేరు అమ్మాయిని బెంగళూరుకిచ్చినా, చిత్తూరు అమ్మాయిని చెన్నైకిచ్చినా ఆ ఊరికి తిరగక్కర్లేదు. మీరు ఇప్పుడు ఉంటున్న చోట, అది తాత్కాలికమైనా, పుట్టిల్లయినా, షెల్టరైనా, వేయొచ్చని 27వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ వచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

లాయరుకు డబ్బులేదని ఆగొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. చిత్తూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో, లేదా మీ ఊరి కోర్టులో ఉండే మండల న్యాయ సేవా కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ నకలు ఇస్తే లాయరును పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పెట్టిన లాయరు పట్టించుకోకపోతే మార్చమని అదే సంస్థకు రాసివ్వొచ్చు. ఆ లాయరు డబ్బులడిగితే ఇవ్వకండి, అక్కడే ఫిర్యాదు చేయండి.

ఇక అర్జీ రాయడం. ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. "నా భర్త తరచూ తాగివచ్చి శారీరకంగా, మానసికంగా హింసిస్తున్నాడు" అన్న వాక్యం ప్రతి అర్జీలోనూ ఉంటుంది, దాంతో ఏమీ రుజువు కాదు. ఇలా రాయండి: "కనుమ పండగ రోజు రాత్రి సుమారు తొమ్మిదింటికి వంటింట్లో రోకలితో నా ఎడమ మోచేతి మీద కొట్టాడు. మా అత్త అక్కడే ఉంది. పక్కింటామె అరుపులు విని వచ్చింది. మరునాడు పొద్దున రుయాలో చూపించుకున్నాను, ఓపీ చీటీ జత చేశాను." తేదీ గుర్తు లేకపోతే కల్పించొద్దు. గంగమ్మ జాతర వారం, పాప పుట్టినరోజు ముందురోజు, ఫలానా వాళ్ల పెళ్లి నుంచి వచ్చిన రాత్రి, అలా రాస్తే చాలు. కల్పించిన ఒక్క తేదీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికితే నిజమైన తేదీలూ అబద్ధంలా కనిపిస్తాయి. మొదటి ఘటన, అన్నిటికంటే దారుణమైనది, ఆఖరిది, ఈ మూడూ వివరంగా ఉంటే మిగిలినవి క్లుప్తంగా ఉన్నా పరవాలేదు.

ఏం కావాలో విడివిడిగా అడగండి. అడగనిది సాధారణంగా రాదు. దగ్గరికి రావొద్దు, ఫోన్ చేయొద్దు, పని చేసే చోటికి, పిల్లల బడికి రావొద్దు అనేవి 18వ సెక్షన్ కింద. ఇల్లు, అద్దె, మీ బంగారం, సామాన్లు, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమనడం 19 కింద. నెలవారీ ఖర్చు, వైద్యం బిల్లులు 20 కింద. పిల్లలు 21, నష్టపరిహారం 22. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, అది ముమ్మాటికీ మీదే, దాని జాబితా తూకాలతో రాయండి. నెలఖర్చు కూడా గుండుగుత్తగా "ముప్పై వేలు" అనకుండా అద్దె, బియ్యం, పాలు, ఫీజు, మందులు అని వేరువేరు అంకెలు వేయండి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తి, అప్పు, ఆదాయాల ప్రమాణపత్రం వేయాలి. మీకు చిన్న సంపాదన ఉంటే దాచొద్దు, దాస్తే మిగతా అంతా అనుమానమే. సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు.

మొదటి రోజే 23వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు అడగండి, దానికి ఫారం–3లో ప్రమాణపత్రం జత చేయాలి. అవతలివాళ్లు రాకముందే ఇవ్వగల ఉత్తర్వు ఇది. చట్టం ప్రకారం మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, మొత్తం కేసు 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. ఆచరణలో అంతకంటే చాలా సాగుతుంది, అందుకే మధ్యంతర ఉత్తర్వు లేకుండా నెలలు గడపొద్దు. సాగడానికి పెద్ద కారణం నోటీసు అందకపోవడం. "తలుపు తాళం", "ఊర్లో లేడు" అని తిరిగొస్తుంది. ఇంటి చిరునామాతో పాటు పనిచేసే చోటు, అన్నదమ్ముల ఇల్లు, ఫోన్ నంబర్లు అన్నీ అర్జీలోనే రాయండి.

ఏదైనా రాయడం మరిచిపోతే తర్వాత సవరించుకోవచ్చు. హింస జరిగి ఏడాది దాటిందని అర్జీ కొట్టేయడానికి లేదని కూడా 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసు కేసు ఎప్పుడు

భర్త, అత్తింటివాళ్లు పెట్టే క్రూరహింస మీద పెట్టే కేసు, జనం ఇప్పటికీ 498ఏ అంటున్నది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. శిక్ష మూడేళ్ల దాకా. డీవీసీ, ఇదీ రెండూ వేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చిన దాడి అయితే పోలీసు కేసు వెంటనే పెట్టాల్సిందే. డబ్బు, ఇల్లు, రక్షణ ముందు కావాలనుకుంటే డీవీసీతో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. అందులో మీకు తక్షణం పనికొచ్చేవి దొరుకుతాయి.

కేసు పెట్టగానే అరెస్టు చేస్తారనుకోవద్దు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ముందు హాజరు నోటీసు ఇస్తారు, పాతపేరు 41ఏ. అది అందుకున్న రోజు రాత్రి ఇంట్లో కోపం పెరుగుతుంది. ఆ రోజుకు మీరు ఆ ఇంట్లో ఉండకుండా చూసుకోండి.

ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా కట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. ఇలాంటి కేసులో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ జరపొచ్చు. ఆ గడువు దాటినా "కౌన్సెలింగ్‌కు వచ్చే వారం రండి" అంటుంటే ఎస్పీకి స్పీడ్ పోస్టులో రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో, ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తర్వాతి మెట్టు మెజిస్ట్రేటు.

రాజీ అంటే

రాజీ పడటం తప్పేమీ కాదు, ఎక్కడ ఎలా అన్నదే ముఖ్యం. ఊరి పెద్దమనుషుల దగ్గర రాసుకున్నదాన్ని అమలు చేయించే దారి లేదు. ఖాళీ స్టాంపు పేపరు మీద, "ఇకమీదట ఏ కేసూ పెట్టను" అన్న కాగితం మీద సంతకం చేయొద్దు. తిరిగి కాపురానికి వెళ్లాలనుకుంటే షరతులు మెజిస్ట్రేటు ముందు రికార్డు చేయించండి, రక్షణ ఉత్తర్వు కొనసాగించమని అడగండి, డీవీసీని వెంటనే వెనక్కి తీసుకోకండి. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే దాని మీద అప్పీలు ఉండదు. డబ్బు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో, బంగారం ఎన్ని గ్రాములు అన్నవి అందులో లేకుండా లేచి రావొద్దు.

ఉత్తర్వు చేతికొచ్చాక

నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఒకటి మీరుంటున్న ఊరి స్టేషన్‌లో, ఒకటి ఆయన ఊరి స్టేషన్‌లో మీరే ఇచ్చి ముద్ర వేయించుకోండి. కోర్టు పంపుతుందిలే అని కూర్చుంటే అవసరమైన రాత్రి స్టేషన్‌లో దాని సంగతి తెలిసినవాళ్లు ఉండరు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. అది బెయిలు హక్కుగా రాని నేరం, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మధ్యంతర రక్షణ ఉత్తర్వుకూ ఇది వర్తిస్తుంది. డబ్బు కట్టకపోతే దారి వేరు. జీతం ఇచ్చే యజమాని నుంచే కట్ చేసి పంపమని 20వ సెక్షన్ కింద కోర్టును అడగొచ్చు. తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు.

పిల్లల బడి ఆపొద్దు. పాత స్కూలువాళ్లు టీసీ ఇవ్వకపోయినా, తండ్రి సంతకం కావాలన్నా, టీసీ లేదని ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి దాకా చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం చెబుతుంది. బ్యాంకు, ఆధార్ రెండిట్లోనూ ఆయన నంబరే ఉంటే ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి, మీరు ఎక్కడ ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది. మీ పేరున సిమ్ తీసుకుని ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించండి, వేలిముద్ర ఉంటే చాలు, ఏ పత్రమూ అడగరు. తర్వాత బ్యాంకుకు వెళ్లండి. మనోవర్తి పడే ఖాతా మీ ఒక్కరి పేరునే ఉండాలి, జాయింటు ఖాతా నంబరు కోర్టుకు ఇవ్వకండి.